మిషను వచ్చేదాకా పిల్లాడితో ఏం మాట్లాడాలి?

గత నెల పుట్టుచెవుడు మీద వేసిన వ్యాసానికి ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల నుంచి, అటు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, పేర్లు తీసేసి ఇస్తున్నాం. జవాబులు ఒక ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు, మిషన్లు చూసే నిపుణులు), చెవిటి పిల్లలకు సైగల భాష నేర్పే ఒక టీచరు కలిసి రాసినవి.

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. బెరా పరీక్షలో (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందించేదీ లేనిదీ చూసేది) రెండు చెవులకీ 90 డెసిబెల్స్ దగ్గర కూడా స్పందన లేదన్నారు. విశాఖలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషను చేసి లోపలి చెవిలో ఒక భాగం, బయట మిషను పెట్టే పరికరం) వేయిద్దామన్నారు. సైగలు మాత్రం చేయొద్దట, చేస్తే మాట రాదట. మా అత్తగారు అప్పటికే వాడితో చేతులూపి మాట్లాడుతున్నారు. ఆపమని చెప్పాలా? (ఒక తల్లి, రాయగడ)

ఆపమనకండి. ఆవిడ చేస్తున్నది మంచి పని. దాన్ని కాస్త పద్ధతిలో పెడితే చాలు.

లెక్క వేసి చూడండి. ఈరోజే పరుగు మొదలుపెట్టినా పరీక్షలు, కాగితాలు, మంజూరు, ఆపరేషను కలిసి కొన్ని నెలలు పడుతుంది. ఆపరేషను అయ్యాక కుట్లు మానేవరకు ఆగి, రెండు నుంచి నాలుగు వారాలకు మిషను స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజుకి బాబు చెవి వయసు సున్నా. పుట్టిన పిల్లాడు ఏడాది విన్నాక గదా మొదటి మాట అంటాడు! అంటే అన్నీ సవ్యంగా జరిగినా మీవాడు నోటితో నాలుగు మాటలు అనేసరికి మూడేళ్ళు దగ్గర పడతాయి. అప్పటిదాకా ఆకలి, నొప్పి, భయం, ‘అది కాదు ఇది’ ఎలా చెప్పాలి వాడు? మెదడు భాషని అన్నిటికంటే సులువుగా పట్టుకునే కాలం ఇదే. చెవి సిద్ధమయ్యేదాకా ఆ కాలం ఆగి కూర్చోదు.

సైగలు నేర్చినందువల్ల మాట రాకుండా పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. మాట రాకపోవడానికి కారణాలు వేరే: ఆలస్యంగా ఇంప్లాంట్ వేయడం, మిషను రోజుకి మూడు నాలుగు గంటలే పెట్టడం, మ్యాపింగ్‌కి (పిల్లాడికి తగ్గట్టు మిషను శబ్దాన్ని సరిచేయించడానికి) వెళ్ళకపోవడం, వినికిడి నరం సన్నగా ఉండడం. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఇంప్లాంట్ వేసినంత మాత్రాన చెవుడు పోదు. స్నానంలో, నిద్రలో, బ్యాటరీ అయిపోయినప్పుడు, మిషను రిపేరుకి పోయిన పది రోజులూ మీవాడు చెవిటి పిల్లాడే.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలంటే, రోజులో పదేపదే వచ్చే పనుల మాటలు ముందు తీసుకోండి: పాలు, ఇంకా, చాలు, అమ్మ, నాన్న, నిద్ర, స్నానం, బయటికి, కుక్క, నొప్పి. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో మొదలైంది. అది తయారుచేసిన నిఘంటువులో 2021 నాటికే పదివేల మాటలున్నాయి. వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం. ఇంటి సైగ ఒకటి అలవాటైపోయి ఉంటే తిట్టి మాన్పించకండి, పక్కన అసలు సైగ కూడా చూపిస్తూ పొండి. వాడికంటే మీరు నాలుగు మాటలు ముందుండాలి, అంతే. మూడు నెలల్లో తల్లి, తండ్రి, నాయనమ్మ ముగ్గురికీ ఓ వంద మాటలు వస్తే ఇల్లు నడుస్తుంది. ఇంట్లో ఒక్కరికే వస్తే ఆ ఒక్కరూ దుబాసీగా మిగిలిపోతారు.

చాలామంది పొరపడేది చూపు దగ్గర. వినే పిల్లాడు బొమ్మ చూస్తూనే మీ మాట వింటాడు. వీడు ఒకేసారి బొమ్మనీ మీ చేతులనీ చూడలేడు. వాడిని బొమ్మ చూడనివ్వండి, తల ఎత్తి మీ వైపు చూసేదాకా ఆగండి, అప్పుడు సైగ చేయండి. లేదా ఆ బొమ్మ పక్కనే చెయ్యి పెట్టి చేయండి. గడ్డం పట్టి మొహం తిప్పకండి. పిలవాలంటే భుజం తట్టడం, చూపు అంచులో చెయ్యి ఊపడం, నేల మీద పాదం తాటించడం, దీపం ఆర్పి వెలిగించడం. కథ చెప్పేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకోకుండా ఎదురుగా కూర్చోబెట్టండి. కిటికీకి వీపు పెట్టి మీరు కూర్చుంటే మీ మొహం వాడికి నల్లగా కనపడుతుంది. కరెంటు పోతే టార్చి వెలుగు మీ మొహం, చేతుల మీద పడాలి, వాడి కళ్ళలో కాదు.

సైగల భాష అంటే తెలుగు మాటలకి ఒక్కోదానికి ఒక్కో చేతి గుర్తు పెట్టడం కాదు. దాని వాక్యం వేరు, దాని వ్యాకరణం వేరు. ప్రశ్న మాట చివర్లో వస్తుంది, ‘కాదు, లేదు’ కూడా చివర్లోనే. కనుబొమలు, తల ఊపు కూడా వాక్యంలో భాగమే. నోటితో తెలుగు వాక్యం మొత్తం అంటూ చేత్తో కూడా అదే సమయంలో మొత్తం చెప్పబోతే రెండూ పాడవుతాయి, సగం సైగలు రాలిపోతాయి. స్విచ్ ఆన్ అయ్యాక ఒక కొత్త మాటకి ఈ వరస పని చేస్తుంది: ముందు నోటితో ‘చెప్పులు ఏవీ?’ అనండి, ఐదు సెకన్లు ఆగండి. అర్థం కాకపోతే సైగ చేయండి. అర్థమయ్యాక మళ్ళీ నోటితో ఒకసారి అనండి. చెవికీ అవకాశం దొరుకుతుంది, పిల్లాడూ అయోమయంలో పడడు.

మీ పరీక్షల విషయం. ఒక్క బెరాతో నిర్ణయం తీసుకోకూడదు. అది ప్రధానంగా హెచ్చు శ్రుతుల స్పందన చూపిస్తుంది. తగ్గు శ్రుతుల్లో వినికిడి మిగిలి ఉందేమో ఏ.ఎస్.ఎస్.ఆర్. పరీక్షలో తెలుస్తుంది. ఓ.ఏ.ఈ. (లోపలి చెవి కణాల స్పందన చూసే పరీక్ష) తప్పక చేయించండి. అందులో స్పందన ఉండి బెరాలో లేకపోతే అది వేరే జబ్బు, దాని దారి వేరు. పచ్చకామెర్లు ఎక్కువై మార్పిడి రక్తం ఎక్కించిన పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్న పిల్లల్లో అది కనిపిస్తుంది. ఎం.ఆర్.ఐ. ఎందుకంటే వినికిడి నరం ఉందో లేదో చూడడానికి. సీటీ స్కాన్ ఎముక లోపలి నిర్మాణానికి. ఈలోగా రెండు చెవులకీ శక్తివంతమైన చెవి మిషన్లు పెట్టి చూస్తారు. ‘ఎలాగూ ఇంప్లాంటే కదా’ అని వాటిని పెట్టెలో పెట్టేయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం వారాలు కూడా లెక్కే. మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) వచ్చి చెవుడు వచ్చిందంటే కాక్లియా (లోపలి చెవిలోని నత్తగుల్ల భాగం) లోపల ఎముక పెరిగి మూసుకుపోవచ్చు. ఆ పిల్లల్ని క్యూలో నిలబెట్టకూడదు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఆధార్ ఒడిశాది. అత్తవారిది పాతపట్నం. ఆరోగ్యశ్రీలో వేయించమంటున్నారు. పాపకి రెండున్నరేళ్ళు. ఎక్కడ దరఖాస్తు పెట్టాలి? (ఒక తండ్రి)

ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్ర వాళ్ళకి. పాతపట్నం అమ్మమ్మగారి కార్డులో పాప పేరు ఎక్కించే ఆలోచన చేయకండి. మంజూరు దాకా వచ్చి ఆధార్ దగ్గర ఆగిపోతుంది, ఈలోగా పాప వయసు మీరిపోతుంది. మీకు సరైనది వికలాంగులకి ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం. ఏ రాష్ట్రం వాళ్ళయినా పెట్టుకోవచ్చు. కాక్లియర్ ఇంప్లాంట్ల వ్యవహారం చూసేది ముంబై బాంద్రాలోని అలీ యావర్ జంగ్ సంస్థ. దాని శాఖలు భువనేశ్వర్ దగ్గర జానలాలోనూ సికింద్రాబాద్‌లోనూ ఉన్నాయి. పుట్టుచెవుడు పిల్లలకి ఐదేళ్ళ లోపే ఇస్తారు కాబట్టి మీకు టైం ఉంది గానీ ధారాళంగా లేదు. ఆదాయ పరిమితి పథకం సవరించినప్పుడల్లా మారుతుంది, దరఖాస్తు రోజున ఉన్నది చూసుకోండి.

కాగితాలు ఇవి: జనన ధ్రువీకరణ, పాప ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), పరీక్షల రిపోర్టులు. యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో పెట్టుకుంటే జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు. ఆ కార్డు దేశమంతా చెల్లుతుంది.

మనవాళ్ళకి దెబ్బ తగిలేది పేరు దగ్గర. తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా ఫారాలలో చివర రాస్తారు. జనన పత్రంలో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస, ఆదాయ పత్రంలో ఒడియా గుమాస్తాకి వినిపించిన స్పెల్లింగు. ఆసుపత్రికి వెళ్ళకముందే అన్నిట్లో ఒకే అక్షరాలు ఉండేలా దిద్దించండి. తర్వాత దిద్దించడానికి నెలలు పడుతుంది.

జిల్లా ఆసుపత్రిలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది. అంగన్‌వాడీ, బడి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు అక్కడికే పంపుతారు. అక్కడ పాప పేరు నమోదు చేయించండి. ఆపరేషనుకి ముందు న్యుమోకోకల్ టీకాలు పడ్డాయో లేదో కార్డు చూపించి అడగండి. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి మెదడు పొరల వాపు ప్రమాదం కాస్త ఎక్కువ. రెండేళ్ళు దాటాక 23 రకాల న్యుమోకోకస్ క్రిములకి పనిచేసే టీకా ఒకటి అదనంగా వేయాలి. ఊళ్ళో సూదిమందుల కార్డులో అది ఉండదు, అడిగి వేయించుకోవాలి.

ఏ కంపెనీది వేయాలో మీ చేతుల్లో ఉంటే, ఎన్ని ఎలక్ట్రోడ్లు అని కాకుండా ఇవి అడగండి: సర్వీసు ఎక్కడ, విశాఖలోనా భువనేశ్వర్‌లోనా? కేబుల్, కాయిల్ (తలకి అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళ) ఒక్కోటి ఎంత? పై మిషనుకి వారంటీ ఎన్నేళ్ళు? ఈ మోడల్ విడిభాగాలు ఎన్నాళ్ళు దొరుకుతాయి? మ్యాపింగ్ మొదటి ఏడాదిలో చాలాసార్లు ఉంటుంది. కొన్ని కేంద్రాలు ఇంటర్నెట్ మీద దూరం నుంచే చేస్తున్నాయి, అదీ అడగండి.

ప్రశ్న: మా పాపకి ఇంప్లాంట్ వేసి ఏడాదిన్నర. వానాకాలం వచ్చిందంటే మిషను ఆగి ఆగి పని చేస్తుంది. ఈమధ్య పెట్టగానే పీకేస్తోంది. ప్రతిసారీ ఘాటీ దిగి విశాఖ పోలేం. (జయపురం)

ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి, ఇదే వరసలో.

బ్యాటరీ. వాడి పారేసే రకమైతే 675 సైజులో ఇంప్లాంట్ కోసం అని రాసి ఉన్నవే కొనండి. మామూలు చెవి మిషను 675 చవక, పరిమాణం ఒకటే, కానీ అంత కరెంటు లాగితే నిలవలేవు. మిషను పెట్టిన కాసేపటికే ఆగిపోతుంది, మీరు మిషను చెడిందనుకుంటారు. స్టిక్కరు తీశాక రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టాలి. అన్నీ ఒకేసారి మార్చాలి, పాతదీ కొత్తదీ కలపకూడదు. పెట్టే చోట పచ్చగా తుప్పు పట్టిందేమో చూసి పొడి దూదిపుల్లతో తుడవండి.

కేబుల్. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇదే. ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపల తీగ తెగుతుంది, పైకి కనపడదు. కదిపినప్పుడు వచ్చీ పోయీ అవుతుంటే అనుమానం దాని మీదే. ఇంట్లో ఒక కేబుల్ అదనంగా లేని ఇల్లు ఉండకూడదు. అది మార్చి చూడండి. తీసేటప్పుడు తీగ పట్టి లాగకండి, ప్లగ్గు పట్టుకుని తీయండి.

మైకు. పై మూతలో ఉండే వడపోత తేమకీ దుమ్ముకీ మూసుకుపోతుంది. శబ్దం ఆగదు, మందగిస్తుంది. మిషనుతో పాటు వచ్చిన వినే ఇయర్‌ఫోను పెట్టుకుని మీరే వినండి. దూరంగా గుసగుసగా వస్తే మూత మార్చాల్సిందే.

తేమ. రాత్రి బ్యాటరీలు తీసేసి మిషనుని ఆరబెట్టే డబ్బాలో పెట్టాలి. బ్యాటరీ కూడా అందులో ఉంచితే అదే ఎండిపోతుంది. సిలికా గుళికలు రంగు మారాయంటే పని అయిపోయినట్టే. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. ఫోను తడిస్తే అలా చేస్తారు గానీ ఇక్కడ తవుడు పొడి మైకులోకి దిగుతుంది. ఎండలో, పొయ్యి గట్టు మీద వద్దు. తలకి కొబ్బరినూనె రాసేది మిషను తీశాక, రాత్రిపూట. పొద్దున కాయిల్ తగిలే చోటు తుడిచి అప్పుడు పెట్టండి. నూనె మైకులోకి చేరితే ఏ డబ్బా బాగు చేయలేదు.

ఇక రోజూ పొద్దున ఆరు శబ్దాల పరీక్ష: ఆ, ఊ, ఈ, మ్, శ్, స్. పాప పక్కన, కాస్త వెనకగా, ఒక మీటరు దూరంలో నిలబడండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, స్ మారిపోతుంది. వరస మారుస్తూ అనండి, మధ్యలో మౌనం కూడా ఉంచండి. లేకపోతే లయ పట్టుకుని ఊరికే చెయ్యి ఎత్తేస్తుంది. తర్వాత మూడు మీటర్ల నుంచి. ఆరూ పోతే బ్యాటరీ, కేబుల్, కాయిల్ చూడండి. నిన్నటిదాకా విన్న స్ ఒక్కటే పోతే మైకు మూత, లేదా మ్యాపింగ్‌కి టైమైంది. నోటుబుక్కులో రాసి పెడితే ఆడియాలజిస్టుకి మీ మాట కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

పీకేయడం గురించి. మొదటి నుంచీ పీకేసే పిల్ల వేరు, పెట్టుకునే పిల్ల హఠాత్తుగా పీకేయడం వేరు. మీది రెండోది. కొంటెతనం అనుకోకండి. అయస్కాంతం కింద చర్మం ఎర్రబడిందా? పుట్టువెంట్రుకలు తీయించారా? జుట్టు పోతే అయస్కాంతం చర్మానికి ఇంకా దగ్గరై గట్టిగా నొక్కుతుంది, బలం తగ్గించాలి. చెవిలో చీము, జ్వరం ఉన్నాయా? పెద్ద శబ్దానికి కళ్ళు టపటప కొడుతోందా? అయితే మ్యాప్ ఎక్కువైంది. వీటిలో చర్మం ఎరుపూ చెవి నొప్పీ డాక్టరుకి అదే వారం చూపించాలి. చెవి వెనక వాపు ఉంటే అదే రోజు.

మిషను మెలకువగా ఉన్నంతసేపూ ఉండాలి, రోజుకి పది గంటలు తగ్గకూడదు. ఎన్ని గంటలు పెట్టారో మిషనే లెక్క దాచుకుంటుంది. ఆడియాలజిస్టు దగ్గర ‘రోజంతా పెడుతున్నాం’ అని అబద్ధమాడి లాభం లేదు.

ప్రశ్న: మనవరాలికి నాలుగున్నరేళ్ళు, మూడో ఏట ఇంప్లాంట్. ఇంట్లో తెలుగు. థెరపీ టీచరు ఒడియా. బడి ఒడియా. ఇంట్లో కూడా ఒడియాయే మాట్లాడమంటున్నారు. మాకు వచ్చింది సంత ఒడియా. (ఒక నాయనమ్మ, గుణుపురం)

మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, అమ్మా. సంత ఒడియాలో బేరం ఆడగలరు, కథ చెప్పలేరు, ‘ఎందుకలా చేశావు, నీకు కోపం వచ్చిందా’ అని బుజ్జగించలేరు. పిల్లకి కావలసింది నిండు వాక్యాలు, వంకలు, పాటలు, గదమాయింపులు. అవి మీ దగ్గర తెలుగులోనే ఉన్నాయి. థెరపీ టీచరు ఈ వారం ఏ శబ్దం మీద, ఏ రకం వాక్యం మీద పని చేస్తున్నారో అడిగి తెలుసుకుని ఇంట్లో అదే పని తెలుగులో చేయండి. తెలుగులో మూడు నాలుగు మాటల వాక్యాలు వచ్చాక ఒడియా బడిలో దానంతటది పట్టుబడుతుంది. అప్పటిదాకా బడిలో సైగల భాష వంతెన అవుతుంది, అది ఒడిశాలోనూ ఆంధ్రలోనూ ఒకటే.

బడిలో భాష కంటే పెద్ద సమస్య చప్పుడు. దూరం రెట్టింపయితే టీచరు గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, రేకుల కప్పు మీద వాన పడితే మొత్తం పోతుంది. ముందు వరసలో, ఇంప్లాంట్ ఉన్న చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. వీధి కిటికీ పక్కన వద్దు. టీచరు మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకు ఉంటుంది, స్తోమత ఉంటే కొనదగిన వస్తువు అదే. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పొద్దని టీచరుకి నెలకోసారి గుర్తు చేయాల్సి వస్తుంది, మొహమాటపడకండి.

ప్రశ్న: మాది మేనరికం. మొదటి బాబుకి పుట్టుచెవుడు. ఇప్పుడు నా భార్యకి నాలుగో నెల. ఈ బిడ్డకీ వస్తుందా? (సిరొంచ)

తల్లిదండ్రులిద్దరూ వింటారు, బిడ్డకి చెవుడు, పైగా మేనరికం అంటే కారణం జన్యువు కావచ్చు. ఇద్దరిలోనూ ఒకే దోషం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి ఇక రాదనేది తప్పు లెక్క. బాబు రక్తంతో జి.జె.బి.2 జన్యు పరీక్ష ముందు చేయించండి. మన దేశంలో ఎక్కువగా దొరికేది అందులోని దోషమే. అది దొరక్కపోయినా జన్యువు కాదని చెప్పలేం, వేరే జన్యువులు చాలా ఉన్నాయి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, ఆ మాట ఆవిడ చెవిన పడనీయకండి.

పుట్టబోయే బిడ్డకి నెల లోపు ఓ.ఏ.ఈ., మూడు నెలల్లోపు బెరా, తేడా ఉంటే ఆరు నెలల్లోపు చెవి మిషను. ఓ.ఏ.ఈ.లో పాసైనా బెరా మానకండి.

ప్రశ్న: అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఏ మిషనూ పెట్టలేదు, మాట లేదు. ఇప్పుడు ఇంప్లాంట్ వేస్తే మాట్లాడతాడని ఒకరు చెబుతున్నారు. పొలం అమ్మాలి. (బరంపురం దగ్గర పల్లె)

పొలం అమ్మకండి. మెదడులో వినికిడి భాగం శబ్దానికి బాగా అలవాటుపడేది మూడున్నరేళ్ళ లోపు. ఏడేళ్ళు దాటేవరకు ఏ శబ్దమూ చేరని మెదడు ఆ చోటుని చూపుకీ స్పర్శకీ ఇచ్చేసుకుంటుంది. ఇప్పుడు వేస్తే హారన్, తలుపు చప్పుడు తెలియవచ్చు. నోటి మాట వస్తుందని మాత్రం నిజాయితీ ఉన్నవాళ్ళెవరూ హామీ ఇవ్వరు. ఇదే వయసులో మాట వచ్చాక చెవుడు వచ్చిన పిల్లాడైతే, లేదా ఇన్నేళ్ళూ చెవి మిషనుతో కొంత విన్నవాడైతే జవాబు వేరుగా ఉండేది.

మీవాడికి ఇప్పుడు లేనిది శబ్దం కాదు, భాష. తొమ్మిదేళ్ళంటే ఇంక జాప్యం పనికిరాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఊరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా మీరు కోరుకున్నచోట ఉచిత చదువు హక్కు. సైగల భాష వచ్చిన టీచర్లూ తోటి చెవిటి పిల్లలూ ఉన్న పాఠశాలే ఎంచుకోండి. చేర్చేముందు ఓ పూట కూర్చుని చూడండి: టీచర్లు పిల్లలతో పూర్తి వాక్యాల్లో సైగ చేస్తున్నారా, బోర్డు మీది అక్షరాలు కాపీ కొట్టిస్తున్నారా? రెండోదైతే పదేళ్ళు చదివినా చదవడం రాదు. హాస్టల్లో ఉంచితే సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మీతో మాట్లాడలేడు, కాబట్టి వాడితో పాటు మీరూ నేర్చుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు సైగల భాషలో దీక్ష పోర్టల్‌లో ఉన్నాయి, పీఎం ఈ-విద్య 31వ చానల్ సైగల భాషకే. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి సైగల భాషనే ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు.

పొట్టి ప్రశ్నలు

*ఇంప్లాంట్ ఉంటే ఎం.ఆర్.ఐ. తీయొచ్చా?* మోడల్‌ని బట్టి. కంపెనీ ఇచ్చిన కార్డు చూపించకుండా గదిలోకి పంపకండి. వేరే ఏ ఆపరేషనైనా సరే, కరెంటుతో కోసే పరికరం వాడతారేమో, ఇంప్లాంట్ ఉందని సర్జనుకి ముందే చెప్పాలి.

*జారుడుబల్ల?* ప్లాస్టిక్‌దైతే పై మిషను తీసేసి ఆడించండి, స్థిర విద్యుత్తుకి మ్యాప్ చెరిగిపోవచ్చు. ఇనుపదైతే ఫరవాలేదు.

*చెవులు కుట్టించవచ్చా?* కుట్టించవచ్చు. ఆపరేషను గాయం పూర్తిగా మానాక.

*క్రికెట్?* హెల్మెట్‌తో. తల మీద దెబ్బ తగిలాక శబ్దంలో తేడా వస్తే ఆ రోజే ఫోను చేయండి, లోపలి భాగాన్ని కంప్యూటరుతో పరీక్షించాలి.